గట్టిగా పట్టుకో బావా

మెర్డెకాకు, అంటే మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజుకు, ముందు ఏడాది. తెలుక్ ఆన్సన్ దగ్గర మా రబ్బరు తోట ఆసుపత్రిలో రోగులను నడిపించే పని నాది. మందులిచ్చి కట్లు కట్టే డ్రెస్సర్ ఫ్రాన్సిస్ గారు నేర్పారు. తుంటి పట్టేసినవాళ్లకు వేడి ఇసకమూట పెట్టడం, కాలు మెల్లగా ఎత్తి దింపడం, రెండు వెదురు కమ్మీల మధ్య అడుగులు వేయించడం. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు చెడ్డకాలు ముందు. ఈ ముక్క రోజుకు వందసార్లు చెప్పేదాన్ని.

నా రోగుల్లో మొండిఘటం నా మొగుడే. కాంతయ్య లారీ మీంచి పడి ఎడమ తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఎనిమిది నెలలైనా "నిలబడలేను లా, బంగారీ" అనేవాడు, మలయావాళ్లలా మాట చివర 'లా' తగిలించి. మా తమ్ముడు రామదాసు పొద్దున్నంతా పాల కోసం రబ్బరు చెట్లు గీసి వచ్చి, మధ్యాహ్నం ఆయన్ని కూలీల లైను ఇంటి నుంచి వీపున మోసుకొచ్చేవాడు. ఎత్తుకునే ముందు రోజూ ఒకే మాట. "గట్టిగా పట్టుకో బావా."

ఒకసారి ఎక్స్-రేకని కాంతయ్యను లారీలో పట్నం తీసుకెళ్లారు. మర్నాడు పొద్దున్నే సోల్జర్లు వచ్చి ముళ్లకంచె గేటు మూసేసి, మా అందర్నీ మైదానంలో వరసగా నిలబెట్టారు. తెల్లదొరల మీద తిరగబడి అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు బియ్యం అందిస్తున్నదెవరో తేల్చాలట. లారీలోంచి ఒక మనిషి దిగాడు. తల మీంచి మోకాళ్ల దాకా గోనెసంచి, కళ్ల దగ్గర రెండు చిల్లులు. వాడు ఎవరి ముందు తలూపితే వాళ్లను పట్టుకుపోతారు.

ఎడమకాలు ముందు దింపాడు. ఆగాడు. ఊపిరి పీల్చి కుడికాలు కలిపాడు.

నేను నేర్పిన నడక. ఒక్క క్షణం నా ప్రాణం ఎగిరి గంతేసింది... నా మొగుడు నడుస్తున్నాడు! ఆ సంతోషం ఇప్పటికీ నన్ను చంపుతోంది. అంతలో ఆ గోనెసంచి మా తమ్ముడి ముందు ఆగింది. తల ఊగింది.

అరవచ్చు. అందులో ఉన్నదెవరో చెప్పొచ్చు. నేను తల దించుకున్నాను. రామదాసు తిరిగి రాలేదు. పారిపోతుంటే కాల్చామన్నారు. నెల తిరక్కుండా కాంతయ్యకు గేటు దగ్గర కుర్చీలో కూర్చునే కాపలా పని వచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఆయన తుంటి నిజంగానే పాడైంది. బస్తా మోస్తున్నవాడిలా రోజురోజుకీ వంగిపోయాడు. ఒకనాడు నూనె రాస్తుంటే కనిపించాయి... తుంటికి రెండు పక్కలా, ఎవరో మడమలతో నొక్కినట్టు నల్లటి మచ్చలు. ఎంత రుద్దినా పోలేదు.

మెర్డెకా రోజు పొద్దున. బయట రేడియో, కేకలు. వార్డులో మేమిద్దరమే. మబ్బు పట్టి గది మసకబారింది. పులిసిన రబ్బరు పాల వాసన వేసింది. మా తమ్ముడి చొక్కా వాసన.

కమ్మీల మధ్య నిలబడి కాంతయ్య గుసగుసలాడాడు.

"బంగారీ... ఆడిని దిగమను."

"ఎవుల్ని?"

"నువ్వు సెప్తే ఇంటాడు. దిగమను లా..."

నాకు జాలి వెయ్యలేదు. కోపమే. "ఎందుకు సేసినావు?" అన్నాను.

"కూకునే పని ఇస్తామన్నారు... తుంటి నొప్పి, బంగారీ..."

మోసినవాడి ప్రాణం ఒక కుర్చీకి సరిపోయింది. అయినా ఆయన చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే చూడలేకపోయాను. నాది పాపిష్టి మనసు.

"దిగిపోరా తమ్ముడూ," అన్నాను.

కమ్మీలు కిర్రుమన్నాయి. కాంతయ్య నిటారుగా నిలబడ్డాడు. చేతులు వదిలేశాడు. కుంటకుండా నడుచుకుంటూ బయటి జనంలోకి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

కమ్మీల పక్కన కింద కూర్చునున్న నేను లేవబోయాను.

లేవలేకపోయాను. తుంటికి రెండు పక్కలా ఏవో బిగుసుకున్నాయి. మెడ చుట్టూ చల్లటి చేతులు...

చెవిలో రామదాసు గొంతు.

"గట్టిగా పట్టుకున్నానక్కా."