పన్నెండు చుక్కల రేకు

మరోదా స్టేషన్ దాటాక, రైలుపట్టాల అవతల మా బస్తీ. సాయంత్రమయ్యేసరికి ఉక్కు ప్లాంటు వెలుగుకి మా ఆకాశం పసుపు కుంకుమ కలిపి జల్లినట్టు ఉంటుంది. ఎంత చూసినా తనివి తీరదు నాకు. కానీ మా ఇళ్ళల్లోకి మాత్రం కరెంటు రాదు. కరెంటువాళ్ళు వైర్లు కోసేసి రెండేళ్ళయింది. అందుకే నాన్న రేకుల కప్పు మీద సోలార్ పలక పెట్టించాడు. ఒక బ్యాటరీ, ఒక బోర్డు, గోడకి పదకొండు మేకులు, మేకుకో గుడ్డసంచి. బస్తీవాళ్ళు పొద్దున్న మా నీలం కిటికీలోంచి ఫోన్లు ఇచ్చి పోతారు, సాయంత్రం చార్జింగయ్యాక పట్టుకెళ్తారు. ఆ కిటికీ దగ్గర కూర్చోవడమే నా పని.

టోకెన్లు మహేశ్ చేశాడు. ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. పాత డబ్బా రేకు కత్తిరించి, అంకెలు రాని ముసలమ్మల కోసం మేకుతో చుక్కలు పొడిచాడు. ఒకటి నుంచి పదకొండు దాకా. వేలితో తడిమితే చాలు, తెలిసిపోతుంది.

"రూల్ అంటే రూల్, మేడమ్. వస్తువు తీసుకుంటే టోకెన్ ఇవ్వాలి. టోకెన్ వస్తే వస్తువు ఇచ్చెయ్యాలి. నేనే వచ్చినా టోకెన్ లేపోతే ఇవ్వకు. సమఝీ?"

"నీకయితే అసలే ఇవ్వను."

నవ్వాడు. ఆ నవ్వు కోసమే రోజూ తెల్లారకముందే జడ వేసుకునేదాన్ని. ఎప్పుడూ చెప్పలేదు.

పదకొండో మేకు అతనిది. ఫోను వెలిగిస్తే అతని బొమ్మ వచ్చేది. మూసి ఉన్న మా నీలం కిటికీ ముందు నిలబడి తీసుకున్నది.

ఆషాఢంలో ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ, పొంగిన నాలా దాటబోయి కొట్టుకుపోయాడు. రెండు రోజులకి దొరికాడు. జేబులో టోకెన్ లేదు. ఫోను నా దగ్గరే ఉండిపోయింది.

వాళ్ళమ్మ అప్పలనర్సమ్మత్త వచ్చింది. ఇంట్లో అతని ఫొటో ఇంకొకటి లేదు.

"అమ్మీ, ఆ పోను ఇచ్చీయే. నా కొడుకు మొకం సూసుకుంతాను."

"టోకెన్ ఉండాలి అత్తా."

"ఏటి టోకెనే? ఆడే లేడు గదే!"

"ఆ రూల్ పెట్టింది మహేశే అత్తా."

నాకే సిగ్గేసింది. కానీ ఇవ్వలేకపోయాను. రోజూ వచ్చేది. రోజూ అదే మాట చెప్పేదాన్ని. అందరి ఫోన్లకంటే ముందు ఆ ఫోనుకే వైరు గుచ్చేదాన్ని.

తర్వాత ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు. బ్యాటరీ మీద ఎర్రలైటు కూడా ఆరిపోయింది. నాలుగోనాటి సాయంత్రానికి పదకొండో ఫోనులో రెండు శాతం మిగిలింది. నాన్న ఇంట్లో లేడు. ఆ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆరిపోయేలోగా చూసుకుందామని. రేకుల మీద వాన ఒకటే రొద.

రెండు... మూడయింది.

వైరు గుచ్చి ఉందేమోనని చూశాను. లేదు.

ఏడు. పందొమ్మిది. నలభై. ఫోను మాత్రం చేతిలో చల్లబడిపోతోంది. నాలా బురద వాసన ఇల్లంతా కమ్మేసింది.

కిటికీ మీద గోరుతో కొట్టినట్టు... టక్... టక్...

"ఎవరూ?"

రెక్క తీశాను. బయట వాన తప్ప ఏమీ కనిపించలేదు. కిటికీ గట్టు మీద మాత్రం ఒక చెయ్యి. నీళ్ళలో నాని, తెల్లగా, ముడతలు పడి. దాని కింద రేకుముక్క.

వేలితో తడిమాను. పదకొండు.

"మేడమ్..." నీళ్ళు మింగుతున్నట్టు గుసగుస. "రూల్..."

ఆ గొంతు మళ్ళీ వినాలని ఎన్ని రాత్రులు మొక్కుకున్నానో. నా చెయ్యి దానంతటదే ఫోను అందించేసింది. అలవాటు. ఆ వేళ్ళు ఫోను తీసుకుని, నా అరచేతిలో ఇంకో రేకు పెట్టాయి.

పన్నెండు చుక్కలు.

మా దగ్గర పన్నెండో టోకెన్ లేదు.

పొద్దున్న అత్త వస్తే అంతా చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"టోకెనిచ్చినాడా? అయితే పోను ఆడి కాడే ఉందన్నమాట. ఇది సూపిస్తే ఇచ్చేత్తాడు."

"అత్తా, వద్దు..."

"రోజూ నువ్వు సెప్పిన మాటే గదే అమ్మీ."

రేకు లాక్కుని, వానలో నాలా వైపు నడిచిపోయింది. వెనకే పరిగెత్తాను. గట్టున బురదలో చెప్పులే కనిపించాయి. మొదటి రోజే ఒక్కసారి ఆ మొహం చూపించి ఉంటే...

మూడు రోజులు వెతికారు. దొరకలేదు.

ఈరోజు ఎండ కాసింది. కిటికీ తీశాను. గట్టు మీద పన్నెండు చుక్కల రేకు, తడిగా. టోకెన్ తిరిగొచ్చిందంటే వస్తువు ఇచ్చేసినట్టు. మెల్లగా వెనక్కి తిరిగాను. పదకొండో మేకుకున్న సంచి నీళ్ళోడుతోంది. అందులో ఫోను. నూరు శాతం.

బొమ్మలో మహేశ్ లేడు. అత్త లేదు. మా నీలం కిటికీ ఒక్కటే ఉంది. అది తెరిచి ఉంది. లోపలినుంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది. నా గాజులే. ఆ అరచేతిలో ఒక రేకు.

కళ్ళ దగ్గరగా పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టాను.

పదమూడు.