పొట్టి బోల్టులు

ఆదివారం పొద్దున పాపను చంకనేసుకుని, గిన్నెలో ముద్ద కలుపుకుంటూ ఆమె వాకిట్లోకి వచ్చేసరికి మొగుడు మళ్లీ కారు కిందే ఉన్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు.

"మన చక్రధారి తపస్సు ఇంకా ముగియలేదా అమ్మాయ్?" పేపరు చాటునుంచి మామగారు అడిగారు.

"వరమిచ్చేదాకా లేవరేమో మామయ్యా. ఇచ్చే దేవుడే విసుగొచ్చి లేచిపోయాడు."

పేపరు వెనకాల భుజాలు కదిలాయి. ఆయన నవ్వితే అంతే, శబ్దం రాదు.

మామాకోడళ్లకు కుదిరిన పొత్తు అది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి ఆయన. కాపురానికొచ్చిన కొత్తలో ఆయన గొంతు వింటేనే ఆమె వంటింట్లోకి జారుకునేది. ఒకరోజు భోజనాల దగ్గర మొగుడి మీద ఓ ఎకసెక్కెం విసిరితే ఆయనకు పొలమారేంత నవ్వొచ్చింది. ఈ ఇంట్లో బతకడానికి దారి దొరికిందనుకుంది ఆమె. అప్పటినుంచి ఆ దారి తప్పలేదు.

ఇద్దరికీ బాగా నచ్చిన ముచ్చట పిట్టది. వానాకాలంలో కొండ మీది ఆడపడుచు ఇంటినుంచి దిగుతుంటే, పిట్ట అడ్డొచ్చిందని కారు ఆపేశాడట ఈ మహానుభావుడు! ఆ పిట్టకు దండం పెట్టాడో లేదోనని, రెండు గింజలు చల్లాడో లేదోనని, నెలల తరబడి నవ్వుకున్నారు. ఇప్పుడు పిట్ట పోయి చక్రాలు వచ్చాయి.

నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టుంది అతని వరస. బాగా పనిచేస్తున్న బ్రేకులు పీకించి పళ్లేలంత డిస్కులు వేయించాడు. ఆ డిస్కులను దవడల్లా పట్టి ఆపేవాటిని క్యాలిపర్లంటారట. అవి మరీ లావు. వాటి మీద పాత చక్రాలు పట్టలేదు. పట్టకపోతే ఊరుకున్నాడా? ఇంకా పెద్దవి, తళతళలాడే అల్లాయ్ చక్రాలు తెచ్చాడు. వాటికోసం అట్టముక్కలు కత్తిరించడం, టేపు సాగదీయడం, గొణుక్కోవడం. పిల్లకు జ్వరమొస్తే మందు ఎన్ని చుక్కలో తెలియని మనిషికి చక్రానికి మాత్రం వెంట్రుకవాసి కొలతలు కావాలి. టైల్స్ షాపులో రోజంతా ఒకరి స్నానాల గదికి పలకలు చూపించేవాడికి, ఇంటికొస్తే ఇదీ యోగం.

తీరా బిగించాక చూస్తే ముందు చక్రాలు రెండూ బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చాయి. కారు మోచేతులు చాపి చతికిలబడిన కప్పలా ఉంది.

అతను కారు కిందనుంచి బయటికి జరిగాడు. మొహాన గ్రీజు మరక.

"ఇవాళ కారు వద్దు. అక్కవాళ్లింటికి బస్సులో వెళ్దాం."

ఆడపడుచు ఆ కొండమీదే కొత్త ఇంట్లోకి మారింది. మధ్యాహ్నం అందర్నీ భోజనానికి రమ్మంది. కొత్త చక్రాల మీద కొండెక్కి వస్తున్నామని ఆడపడుచుకు ఫోనులో చెప్పింది ఈమే. చెబుతూ చెబుతూ వదినతో కలిసి నవ్వింది కూడా.

"బస్సా? ఈ చక్రాలు దిష్టిబొమ్మ పక్కన పెట్టడానికి తెచ్చారా?"

"కొంచెం పనుంది దానికి. వచ్చే వారం..."

"పెళ్లికి పోతూ గుర్రాన్ని ఇంట్లో కట్టేసినట్టుంది," అన్నారు మామగారు పేపరు మడుస్తూ. "నేను రేకులు ఊగే బస్సులో యాభైమందిని ఆ కొండ దింపేవాణ్ణి. బ్రేకు కాల్లో ఉంటుందిరా, చక్రంలో కాదు."

"ఆ మాట ఎవరికి చెబుతున్నారు మామయ్యా? పిట్ట కనబడితే నిలబడిపోయే వీరుడికా?"

భుజాలు మళ్లీ కదిలాయి. అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. లోపలికెళ్లి తాళాలు తెచ్చాడు. వెనక తలుపు తీసి పాప సీటు బెల్టులు విప్పి, దాన్ని పట్టుకొచ్చి అరుగు మీద పెట్టాడు.

"సీటెందుకు తీశారు?" అడిగిందామె.

"పాప ఎక్కదు."

"అదేంటి?"

"నువ్వూ ఎక్కవు. నాన్నా ఎక్కడు. నేనొక్కణ్ణే వెళ్లి అక్కకు చక్రాలు చూపించి వస్తాను. మీకందరికీ కావాల్సింది అదేగా."

గొంతులో కోపం కూడా లేదు. నోటిదాకా వచ్చిన ఎకసెక్కెం అక్కడే ఆగిపోయింది. గబుక్కున వెళ్లి డ్రైవరు తలుపుకు అడ్డంగా నిలబడింది. పాప ముద్దగిన్నె మీద కొట్టింది. గిన్నె జారి దొర్లుకుంటూ పోయింది. ఎవరూ తీయలేదు.

మామగారు కుర్చీలోంచి లేచారు. నడుం పట్టుకుంటూ వచ్చి ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నారు.

"స్పానరు ఇటివ్వు."

బిగుసుకున్న బోల్టును ఆయన బలంగా లాగారు. కిర్రుమంది. తర్వాత పట్టుమని నాలుగు చుట్లు తిరిగిందో లేదో, ఊడి అరచేతిలో పడింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశారు. మరచుట్ల కొసన మాత్రమే కొంచెం నూనె మెరుస్తోంది.

"ఏంట్రా ఇది? కొస మరచుట్ల మీద వేలాడుతోంది చక్రం!"

"తెలుసు." అతను నేల చూస్తూ చెప్పాడు. "చక్రం చుట్టుకొలత చూసుకున్నాను గానీ, స్పోకు లోపలికి ఎంత ఉబ్బిందో చూసుకోలేదు. బిగిస్తే క్యాలిపర్‌కి రాసుకుంటోంది. చక్రం వెనక ఇనప పలకలు పెట్టి బయటికి జరిపాను. దాంతో బోల్టులు పొట్టివైపోయాయి. పొడుగువి ఇంకా రాలేదు."

"తెలిసి కూడా ఎక్కబోయావా?"

"ఎక్కకపోతే ఏమయ్యేదో నీకు తెలీదా నాన్నా?"

భయమేస్తే ఆమెకు నోరు పెద్దదవుతుంది. "అసలు బాగున్న బ్రేకులు ఎందుకు మార్చారు? ఎవరు ఏడ్చారని?"

పాప చేయి చాపితే అతను తన వేలు అందించాడు.

"ఆ రోజు పిట్టా లేదు, గిట్టా లేదు. నువ్వు వెనకసీట్లో పడుకున్నావు. పాప కడుపులో ఉంది. సగం కొండ దిగాక బ్రేకు మెత్తబడి నేలకంటిపోయింది. ఎంత తొక్కినా బండి ఆగదు. కాలిన వాసన. గేరు తగ్గించి, కొండవైపు మట్టిగట్టుకు రాసి ఆపాను. నువ్వు లేచి ఎందుకాగామన్నావు. నోటికొచ్చింది పిట్ట."

"నాకు చెప్పొచ్చుగా!"

"ఏమని? భయమేసిందనా?" అతను మొదటిసారి తలెత్తాడు. "ఈ ఇంట్లోనా? సోకులరాయుడని నవ్వితే పడగలను. ఇంకోలా నవ్వితే..."

పాప గుప్పిట్లోంచి వేలు తీసుకున్నాడు.

మామగారు బోల్టును వేళ్లమధ్య తిప్పారు. ఎవరివైపూ చూడకుండా అన్నారు. "ఆ వాసన నాకూ తెలుసురా."

తనకూ భయమేసిందని ఆయన ఒప్పుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

లోపల ఫోను మోగింది. ఆమె పాపను మామగారికిచ్చి వెళ్లి తీసింది. ఆడపడుచు గొంతు కిలకిలలాడుతోంది.

"ఇంకా బయల్దేరలేదా? ఏమైంది మా తమ్ముడికి, మళ్లీ పిట్ట అడ్డొచ్చిందా?"

ఎన్నిసార్లు తానే అన్న మాట! తన నోటినుంచి కొండమీదికి పోయి, అరిగి, నున్నబడి, తిరిగొచ్చి తన చెవిలోనే పడింది. ఇంత చేదుగా ఉంటుందా ఇది? అతను ఇన్నాళ్లూ దీన్ని అన్నంతోపాటు మింగాడా?

"లేదు వదినా. పొడుగు బోల్టులు రావాలి. వచ్చాక, ఆయన సరే అంటేనే వస్తాం."

"అబ్బో! చక్రధారిగారు సెలవివ్వాలన్నమాట!"

"అవును. ఆయనే చెప్పాలి." ఫోను రెండో చెవికి మార్చుకుంది. "ఇక ఆ పిట్ట మాట వద్దొదినా. నేను తప్పుగా చెప్పాను."

కొంగుతో మొహం తుడుచుకుని వాకిట్లోకి వచ్చింది. కారు జాకీ మీద లేచి ఉంది. మామగారు ఒక చేత్తో పాపను ఎత్తుకుని, రెండో చేత్తో విప్పిన బోల్టులు పట్టుకున్నారు. అతను మళ్లీ కారు కిందికి దూరాడు. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలు కంకరమీద ఉత్తగా ఉంది.

ఆమె వెతికితే చెప్పు అరుగు కింద దొరికింది. వంగి, అతని పాదానికి అంటుకున్న రాళ్లను చేత్తో దులిపింది. కారు కింద స్పానరు చప్పుడు ఆగిపోయింది.

ఆమె చెప్పును మెల్లగా కాలికి తొడిగింది.