లీటరుకు ఆరు

“లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు. ఇది నా మాట. రాకపోతే నెల లోపల బండి వెనక్కి తీసుకుంటాను.”

విశాఖ శివార్లలో హైవే పక్కన రేకుల షెడ్డుకు అద్దాలు బిగించి, దానికి షోరూమ్ అని పేరు పెట్టుకుని కూర్చున్న ధర్మేంద్ర ఈ మాట అన్నాడు. అంటున్నప్పుడు కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. ఉత్త మాట నిలబడదని తెలిసినవాడే దానికి చేతి సాయం ఇస్తాడని వినోద్‌కు అప్పుడే అనిపించింది.

షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలున్నాయి: స్వేచ్ఛకు నాలుగు చక్రాలు. వినోద్ దాన్ని చదివి నవ్వాడు. ఎందరో నెత్తురు ధారపోసిన మాటని ఈ పెద్దమనిషి స్టిక్కరు చేసి అమ్ముతున్నాడు. కొనడానికి పక్కనే బావ మోహనకృష్ణ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. వారమంతా ప్రిన్సిపాల్‌కి వంగి నమస్కారం పెట్టి, ఆదివారం ఫోనులో ఎవరో లడఖ్‌లో బండి ఆపి టీ కాచుకునే వీడియోలు చూసేవాడు. ఇల్లులాంటి బండి ఒకటి ఉంటే తనూ మనిషినైపోతానని అతని నమ్మకం.

బండి ఎంచే పని మాత్రం వినోద్ మీద పడింది. ఎమ్మే చదివి, ఉద్యోగం కంటే ముందు లోకాన్ని సరిచెయ్యాలని కూర్చున్నవాడు కాబట్టి తీరిక అతనికే ఉంది. చీపురుపల్లిలో అందరిదీ ఒకే ఇల్లు. అమ్మ లక్ష్మణమ్మ, అప్ప తులసి, బావ, వాళ్ల ఆరేళ్ల కూతురు పైడి, తను. పెద్ద బండి వాళ్ల సందులో తిరగదు. అందుకని ధర్మేంద్ర ఇల్లులా మార్చి అమ్ముతున్న చిన్న పాత డీజిలు వ్యాను చూశాడు. రెండు మడతమంచాలు, చిన్న పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, కింద నీళ్ల ట్యాంకు.

“ప్రకటనలో మైలేజీ అంటే ఖాళీ బండి, ఖాళీ రోడ్డు, ఖాళీ బుర్ర,” అన్నాడు వినోద్. “మంచాలు, అల్మారా, నీళ్లు, మనం ఐదుగురం. గాలికి అడ్డంగా గోడలాంటి ఒళ్లు. పద్నాలుగు ఎలాగూ రాదు. పది వస్తాది. పదికి సిద్ధపడితేనే కొను బావా.”

“ఒరే, నీకు సంబంధం సూసినా పిల్లని మైలేజీయే అడుగుతావురా,” అన్నాడు మోహనకృష్ణ.

లోపల పైకప్పుకి ఇనుప కొక్కెం ఒకటి వేలాడుతోంది. అదెందుకని వినోద్ అడిగాడు.

“లాంతరు తగిలించుకోడానికి సార్. క్యాంపింగ్ ఫీల్,” అన్నాడు ధర్మేంద్ర.

బండి ఇంటికొచ్చింది. వినోద్ ట్యాంకు మూతి దాకా నింపించి, ఐదుగురినీ ఎక్కించి తిప్పి, మళ్లీ మూతి దాకా నింపించి లెక్క చూశాడు. ఆరు. టైర్లలో గాలి చూసి, నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, ఒక్కడే విజయనగరం వెళ్లొచ్చాడు. ఆరే. మెకానిక్కు ఇంజను విప్పి, ఏ లోపమూ లేదన్నాడు. ఐదుగురు ఎక్కినా ఆరు, ఒక్కడు ఎక్కినా ఆరు అయితే, తమ బరువు ఆ బండికి లెక్కలోకే రావడం లేదన్నమాట. అది వినోద్‌కి మింగుడుపడలేదు.

ధర్మేంద్రకి ఫోను చేశాడు.

“లోడు ఎక్కువైపోతన్నట్టుంది సార్. ఎవులెవుల్నో ఎక్కించుకుంటన్నారేటి?” అని నవ్వాడు అవతలివాడు.

“వెనక్కి తీసుకుంటానన్నావు.”

“అది కొనకముందు మాట సార్. కొన్నాక మాట వేరేగా ఉంటాది.”

దోపిడీకి ఇంతకంటే నిజాయితీగల నిర్వచనం ఏ పుస్తకంలోనూ దొరకదనుకుని వినోద్ ఫోను పెట్టేశాడు.

ఆ ఆదివారం అందరూ కళింగపట్నం సముద్రానికి వెళ్లారు. మోహనకృష్ణ ఇసుకలో కుర్చీ వేసుకుని టీ కప్పుతో తన ఫోటో తనే తీసుకున్నాడు. తిరుగుదారిలో శ్రీకాకుళం చేరేసరికి పొద్దు వాలింది. నాగావళి వంతెన ఎక్కగానే బండి నడక మారింది. బావ రెండో గేరులోకి దించాడు. తర్వాత మొదటి గేరులోకి. వెనక ఆటోలు హారన్లు కొడుతూ పక్కనుంచి పోతున్నాయి. చదునైన వంతెన మీద బండి ఏనుగునెక్కించుకున్నట్టు మూలుగుతోంది.

కింద నదిలో నీళ్లు తక్కువ. ఇసుక దిబ్బల మీద చీకటి పడుతోంది. కిటికీలోంచి వచ్చే గాలిలో మొదట బురద వాసన ఉంది. కాసేపటికి అది పోయింది. దాని చోట స్పిరిట్ వాసన, ఫినాయిలు వాసన, వాటి వెనక వాడిన బంతిపూల వాసన. కిటికీలు తీసే ఉన్నాయి. అయినా వాసన లోపలే తిరుగుతోంది.

పైన కొక్కెం ఊగుతోంది. బండి కుదుపుకి కాదు. ఎవరి భుజమో తగిలి, ఆగి, మళ్లీ తగిలినట్టు.

“అమ్మమ్మా,” అంది పైడి మెల్లగా. “కొంచెం జరుగు. ఆవిడికి చోటు సాలట్లేదట.”

“ఎవులికే?” అంది తులసి.

పైడి పక్కకి జరిగింది. కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

లక్ష్మణమ్మ కొక్కెం కేసి చూసింది. వినోద్ తండ్రిని విశాఖ ఆసుపత్రి నుంచి అంబులెన్సులో తెచ్చినప్పుడు ఆమె అలాంటి కొక్కెం కిందే కూర్చుంది. సెలైను సీసా తగిలించే కొక్కెం. దారి పొడుగునా చనిపోయిన మనిషికి చెబుతూనే ఉంది. వంతెన వచ్చింది, భయపడకు. మలుపు వచ్చింది, గట్టిగా పట్టుకో. ఈ వైపు పల్లెల్లో అది మామూలే. కడతేరిన మనిషికి దారి తెలియదట. పక్కన కూర్చున్నవాళ్లు చెబుతూ తీసుకురావాలి. ఇంటి ముందు ఆగాక పేరు పెట్టి పిలిచి, ఇల్లు వచ్చింది దిగు అనాలి. అనకపోతే బండిలోనే ఉండిపోతారట. ఆ రోజు వినోద్ పళ్లు బిగబట్టి విన్నాడు. అమ్మ దుఃఖం కాబట్టి ఊరుకున్నాడు.

ఇప్పుడు లక్ష్మణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుసగుసగా అంది, “వంతెన వచ్చింది నాయనా... నాగావళి... భయపడకండి.”

బండి ఒక్కసారి తేలికై ముందుకు ఉరికింది.

మోహనకృష్ణ రెండో గేరుకి, ఆ వెంటనే మూడో గేరుకి మార్చాడు.

“అమ్మా, నీ మూఢనమ్మకానికి పిస్టన్లు కదలవు,” అన్నాడు వినోద్. “బరువు ఎంతో కాటా మీద తేల్చేద్దాం. ఆ దొంగ మొహాన కొట్టడానికి చీటీ కూడా దొరుకుతాది.”

చీపురుపల్లి పొలిమేరలో లారీలు తూచే కాటా ఉంది. అద్దాల గదిలో సోములు అనే మనిషి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బండిని ఇనుప పలకల మీద నిలబెట్టి, ఇంజను ఆపి, ఐదుగురూ దిగి దూరంగా నిలబడ్డారు. గది పైన ఎర్ర అంకెలు వెలిగాయి. పెరిగాయి. తగ్గాయి. మళ్లీ పెరిగాయి.

“మనుషుల్ని దింపండి బాబూ,” అన్నాడు సోములు కిటికీలోంచి.

“దిగిపోయాం.”

“నేదు. అంకె నిలబడట్లేదు సూడండి. లోపల ఎవులో అటూ ఇటూ తిరగతన్నారు.”

వినోద్ విసురుగా వెళ్లి తలుపు లాగాడు. లోపల ఎవరూ లేరు. రెండు మంచాలు. మడతపెట్టిన దుప్పట్లు. పైడి వదిలేసిన గవ్వలు. వెనక్కి తిరిగి, “సూడండి, ఖాళీ,” అని అరిచాడు.

సోములు వినలేదు. గది తలుపు గడియ పెట్టుకుంటున్నాడు. పైన ఎర్ర అంకెలు ఆడటం మానేశాయి. వినోద్ తలుపు తియ్యగానే... లోపల తిరుగుతున్నవాళ్లంతా ఆగి... అతనికేసి చూస్తున్నట్టు... నిలబడిపోయాయి. ఆ అంకె అక్కడ ఉండాల్సిన బరువు కంటే చాలా ఎక్కువ.

చీటీ అడగకుండానే అందరూ మళ్లీ బండెక్కారు.

ఇంటి సందులో బండి ఆగింది. వీధిదీపం కింద, గుమ్మం ముందు తులసి పొద్దున్న వేసిన ముగ్గు తెల్లగా ఉంది. అందరూ దిగారు. లక్ష్మణమ్మ దిగి, తలుపు మూయకుండా పట్టుకుని నిలబడింది.

“ఎవరి బిడ్డలో ఏటో,” అంది. “ఇన్నాళ్లూ మీకు ఎవులూ సెప్పనేదు గావాల. ఇల్లు వచ్చింది. దిగండి నాయనా.”

ముందు ఏమీ జరగలేదు. వినోద్ నవ్వబోయాడు.

తలుపు దగ్గరి మెట్టు రేకు కిందికి వంగింది. లేచింది.

మళ్లీ వంగింది... లేచింది.

బండి స్ప్రింగులు ఒక్కొక్క మనిషి దిగినప్పుడల్లా కొంచెం కొంచెం పైకి వస్తున్నాయి. కిర్రు... ఆగడం... కిర్రు. వినోద్ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేశాడు. గాలి అతని పక్కనుంచి పోతోంది. ఫినాయిలు వాసన. బంతిపూల వాసన. పైడి గోడకి ఒదిగి దారి ఇచ్చింది. పెళ్లింటి గుమ్మంలో చుట్టాలకి ఇచ్చినట్టు. వాసనంతా గుమ్మం దాటి లోపలికి పోయింది.

ముగ్గులో ఒక్క గీత కూడా చెరగలేదు.

“అమ్మా,” అన్నాడు వినోద్. “ఇల్లు వచ్చిందన్నావు. ఎవరి ఇల్లు?”

లక్ష్మణమ్మ చెయ్యి నోటి మీదికి వెళ్లింది. ఆమెకి అప్పుడు అర్థమైంది. ఆ మాట ఎవరింటి ముందు వాళ్ల పేరు పెట్టి పిలిచి అనాలి. ఆమె తన ఇంటి ముందు, పేరు లేకుండా, అందరికీ కలిపి అంది.

మర్నాటి నుంచి బండి లీటరుకి పదకొండు ఇచ్చింది. మోహనకృష్ణ బోర్లాపడి ఉన్న ఆనందాన్ని లేవదీసి, పదకొండు వస్తోందని ఫోనులో అందరికీ కనిపించేలా పెట్టాడు. ధర్మేంద్ర దానికి బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టి, “మా బండి, మా మాట” అని రాశాడు. వినోద్ చూసి ఫోను మంచం మీదికి గిరవాటేశాడు.

ఇంట్లో మాత్రం నెల దాటి వచ్చే గ్యాసు సిలిండరు వారానికే ఖాళీ అయింది. వండింది చాలట్లేదని తులసి అంటుంది, తిన్నది మాత్రం ఐదుగురే. నులకమంచం మీద ఎవరూ లేకపోయినా నడుము కిందికి దిగి ఉంటుంది. పైడి పక్క మధ్యలో పడుకోవడం మానేసింది. చివర, ఒక్క గీతలా, ఇంకొకరికి చోటు వదిలి పడుకుంటుంది. రోజూ కొంచెం చిక్కిపోతోంది. అమ్మ ప్రతి సాయంత్రం గుమ్మంలో నిలబడి, ఎల్లిపోండి తల్లీ అని బతిమాలుతోంది. ఎక్కడికి వెళ్తారు? ఎవరి ఊరు ఏదో ఎవరూ చెప్పందే.

వినోద్ విశాఖ వెళ్లాడు. ధర్మేంద్ర మొదట బుకాయించి, కాలరు పట్టుకున్నాక ఒప్పుకున్నాడు. అది మూతపడ్డ ఓ ప్రైవేటు ఆసుపత్రి అంబులెన్సు. పని కోసం వలసపోయి, అక్కడెక్కడో పరంజాల మీదనుంచి పడి, బాయిలర్ల దగ్గర కాలి చచ్చిపోయిన కూలీలని ఇచ్ఛాపురం దాకా, పలాస దాకా తెచ్చిపడేసిన బండి. తోడు ఎవరూ వచ్చేవారు కాదు. రావడానికి ఎవరున్నారు? డ్రైవరొక్కడే. అతను పాటలు పెట్టుకుని నడిపేవాడట. దింపింది ఒళ్లని మాత్రమే.

“వాళ్ల పేర్లు కావాలి,” అన్నాడు వినోద్. “ఊళ్లు కావాలి. ఆ డ్రైవరు ఎక్కడున్నాడు?”

“పాత సంగతులు తవ్వకండి సార్,” అన్నాడు ధర్మేంద్ర. “ఇప్పుడు మైలేజీ బాగుంది గదా?”

బతికుండగా వాళ్లని ఏ పాలకుడూ పేరుతో పిలవలేదు. చచ్చాక బరువని కూడా పిలవకుండా, మైలేజీ అని పిలుస్తున్నాడు వీడు. ఇంటికొచ్చి వినోద్, ఆ పేర్లూ ఊళ్లూ అడుగుతూ జిల్లా కలెక్టరుకి ఉత్తరం రాశాడు. అందులో ఒక్క నినాదం కూడా లేదు. అతను నినాదం లేకుండా రాసిన మొదటి ఉత్తరం అదే.

పోస్టు చెయ్యడానికి సాయంత్రం బైకు బయటికి తీశాడు. పైడి గుమ్మంలో కూర్చుని గవ్వలు ఆడుకుంటోంది. ఎదురుగా ఎవరూ లేరు. గవ్వలు మాత్రం రెండు వైపులా పంచి ఉన్నాయి.

“మావా,” అంది తలెత్తకుండా. “నా పుట్టినరోజుకి నన్ను వాళ్లింటికి తీసుకెళ్తారట.”

“ఎవరింటికమ్మా?”

“అదే తెలీదట మావా. ఎతుక్కుంటూ ఎల్దామంటన్నారు. అందరం బండెక్కి.”

వినోద్ బైకెక్కి కిక్కు కొట్టాడు. వెనక సీటు మెల్లగా కిందికి దిగింది. ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. మెడ మీద చల్లటి ఊపిరి... బంతిపూల వాసన...

“ఆవిడ నీతో వస్తాదట,” అంది పైడి. “ఊరు వస్తే సెప్పమంటోంది.”

వినోద్ వెనక్కి తిరగలేదు. ఇంజను ఆపాడు. జేబులోంచి ఉత్తరం తీసి, చివర ఇంకో వాక్యం చేర్చాడు.

మా పైడి పుట్టినరోజు ఏప్రిల్ పన్నెండు. ఆ బండిలో ఎవరెవరు వచ్చారో, ఎవరిది ఏ ఊరో, ఏప్రిల్ పదకొండో తేదీ పొద్దు కుంకేలోపల నాకు జవాబు కావాలి.