అప్పగింత గ్లాసు

మా పబ్బు పేరు ‘గొరిగిన గొర్రె’. యార్క్‌షైర్ కొండల్లో, మనుషులకన్నా గొర్రెలెక్కువున్న ఊళ్ళో, ఇంకేం పేరు తడుతుంది చెప్పండి?

నాకు ముందు దాన్ని నడిపినవాళ్ళు నలుగురు. కట్టించిన జోసయా నేలమాళిగ మెట్ల మీంచి పడి చనిపోయాడు. అతని పెళ్ళాం కెజాయా ముసలితనంలో బీరు పోస్తూ పోస్తూనే ఒరిగిపోయింది. తర్వాత సైలస్, ఆ తర్వాత ఆమోస్. ఒక్కరూ బయటపడలేదు, అందరూ అక్కడే పోయారు. ఆమోస్ పోయిన సంగతైతే మంచు కరిగేదాకా ఊళ్ళో ఎవరికీ తెలీదు.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. వెళ్ళే యజమాని వచ్చే యజమానికి తన చేత్తో ఒక గ్లాసు బీరు పోసివ్వాలి. అది తాగితేనే పబ్బు చేతులు మారినట్టు. నాకు పోసేవాళ్ళేరీ? తాళాలు పబ్బు అమ్మిన బీరు కంపెనీవాళ్ళిచ్చారు, గ్లాసు నేనే పోసుకున్నాను.

“నీ గ్లాసు నువ్వే పోసుకున్నావుటే, పిచ్చిదానా!” అని గొర్రెలు కాసే ముసలి ఎబెన్ నెత్తి కొట్టుకున్నాడు. నేను నవ్వేశాను.

చలికాలం వస్తే ఎబెన్ తప్ప పురుగు కూడా వచ్చేది కాదు. కింద మాళిగలో మాత్రం ఎవరో తిరుగుతున్న చప్పుడు. మొదట్లో హడలిపోయాను. పోనుపోను దానితోనే కబుర్లు చెప్పేదాన్ని. మాటకి అంత మొహం వాచిపోయాను మరి.

చివరికి మా అక్క విన్నీ ఫోన్ చేసింది. “సముద్రం ఒడ్డున ఒక్కదాన్నీ ఏడుస్తున్నా. వచ్చెయ్యవే నెట్టీ, కలిసి పోట్లాడుకుందాం.” నాకు ప్రాణం లేచొచ్చింది.

నా దగ్గర పబ్బు కొన్న డెస్మండ్ డిసెంబరులో ఒక మధ్యాహ్నం వచ్చాడు. బయట పొగమంచు, నాలుగు కాకుండానే చీకటి పడుతోంది. ఈసారైనా పద్ధతిగా చేద్దామని గ్లాసు పట్టుకుని, కింద మాళిగలోని పీపా నుంచి బీరు తోడే పంపు లాగాను. బీరు రాలేదు. ఉస్సుమని గాలి వచ్చింది.

“పీపా అయిపోయిందేమోనండీ,” అన్నాడు డెస్మండ్.

పొద్దున్నే కొత్తది పెట్టాను. కిందికెళ్ళి చూస్తే కుళాయి కట్టేసి ఉంది. తిప్పి పైకొచ్చాను. మళ్ళీ గాలే. మళ్ళీ దిగాను. మళ్ళీ కట్టేసి ఉంది.

మూల బల్ల దగ్గరున్న ఎబెన్ లేచి, మాళిగ తలుపు దగ్గరికొచ్చి గుసగుసగా అన్నాడు. “ఆ నలుగురిలో ఒక్కరూ ఇంకొకరికి పొయ్యలేదే అమ్మాయ్. నీది కానిది నువ్వెలా ఇస్తావ్?”

అంటే నేనూ ఇక్కడే... వీళ్ళలాగే...

ఖాళీ గ్లాసు తీసుకుని మళ్ళీ దిగాను. తడి రాయి వాసన, పులిసిన బీరు వాసన. దీపం దానంతటదే ఆరిపోయింది. గ్లాసు చీకట్లోకి చాపాను.

“పొయ్యండి,” అన్నాను. “మీకు దణ్ణం పెడతాను. నన్ను పోనివ్వండి.”

ఎవరో నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. కుళాయి తిరిగింది... బీరు పడింది... గటగటా తాగిన చప్పుడు. మళ్ళీ కుళాయి... మళ్ళీ తాగారు, ఈసారి ఇంకాస్త దగ్గరగా. మళ్ళీ. ఆ తర్వాత చల్లటి వేళ్ళు నా చేతిలో నిండు గ్లాసు పెట్టాయి.

కళ్ళు మూసుకుని తాగేశాను.

పైకొచ్చి పంపు లాగితే బీరు నురగలు కక్కుతూ వచ్చింది. డెస్మండ్ తాగి మూతి తుడుచుకున్నాడు. ఎబెన్ నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తాళాలిచ్చేసి, వెనక్కి తిరిగి చూడకుండా బండి ఎక్కాను.

దారంతా పాడుకుంటూనే వెళ్ళాను. అక్క తలుపు తీసి నన్ను గట్టిగా వాటేసుకుంది. తర్వాత నా భుజం మీంచి చీకట్లోకి చూసింది.

“నలుగురిని తీసుకొస్తున్నానని ఒక్క మాట చెప్పొద్దుటే? పాపం, ఆ పెద్దావిడ చలికి వణికిపోతోంది,” అని తలుపు బార్లా తెరిచింది.