పద్దెనిమిది దొంగ స్టాంపులు

"క్లైమాక్స్ ఎట్ల ఉండింది సార్?"

"సూపర్ మేడమ్! ఆఖర్లో కన్నీళ్లు వచ్చేసినాయి."

లైబ్రేరియన్ సుగంధి మేడమ్ నేను తిరిగిచ్చిన నవలను తెరిచి నావైపు తిప్పింది. చివరి పదహారు పేజీలు లేవు. చిరిగిన అంచు మీద ఏళ్లనాటి దుమ్ము.

"లేని పేజీలకి కన్నీళ్లు వచ్చినాయా?"

అలా దొరికిపోయానండి. ఆ పేజీలు చింపిన మహానుభావుడెవరో గానీ, చల్లగా ఉండాలి.

నా పేరు సీనివాసన్. రాజపాళయంలో సర్జికల్ గుడ్డ నేసే మిల్లులో మెకానిక్‌ని. చదివింది ఎనిమిదో క్లాసు, అదీ అరవంలో. ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ అక్షరం ఒక్కటీ రాదు. మా ఊళ్లో చాలామంది అంతే. అందుకే పబ్లిక్ లైబ్రరీలో తెలుగు నవలల షెల్ఫు ముట్టేవాళ్లు లేక పడి ఉండేది. మొత్తం ఎనభై నాలుగు. మూడేళ్లుగా ఎవరూ తీసుకోనివాటిని మార్చిలోగా తీసేయమని పై ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. ఆ లెటర్ పట్టుకుని మేడమ్ షెల్ఫు ముందు ఒక్కతే నిలబడి ఉంటే, పేపర్ చూడ్డానికి వెళ్లిన నాకు మనసాగలేదు. వారానికి రెండు నవలలు తీసుకెళ్లి, తెరవకుండానే తిరిగిచ్చేవాణ్ణి. తొమ్మిది వారాలు, పద్దెనిమిది తేదీ స్టాంపులు.

ఇంకో సంగతి. నాకు యాభై ఒకటి. చెల్లెళ్ల పెళ్లిళ్ల సందడిలో నాకు చేయడం అందరూ మరిచిపోయారు. మేడమ్‌కి నలభై ఆరు, భర్త పోయి పదేళ్లు. ఊరంతా నన్ను అణ్ణా అంటుంది, ఆవిడ మాత్రం సార్ అంటుంది. ఆ ఒక్క మాటకే దేవుడికి రోజూ దండం పెట్టుకునేవాణ్ణి.

"నాకు తెలుగు చదవను రాదు మేడమ్," అన్నాను తల దించుకుని.

"మరి ఎందుకు ఎత్తుకొని పోయినారు?"

"షెల్ఫు పోగూడదని."

"ఒక్కరైనా చదవతా ఉండారని నేను ఎంత సంతోషపడినాను, తెలుసునా?" నవల మూసి పక్కన పెట్టింది. "ఈ పద్దెనిమిదీ రిపోర్ట్‌లో రాయను సార్. దొంగ స్టాంపులతో నిలబడే షెల్ఫు నాకు వద్దు."

బయట వాన. తడుస్తూనే బండి తోలుకుంటూ ఇంటికొచ్చాను. మా అమ్మ జక్కమ్మ తువాలు ఇస్తూనే విషయమంతా లాగేసింది.

"ఏమిరా, అక్షరం రాకుంటే ఏమి? చెవులు ఉండాయి కదా! ఆయమ్మని చదవమను, మేము వింటాము."

ఆదివారం రెండు షేర్ ఆటోల్లో అమ్మ, పక్కింటి కణ్మణి, మిల్లు ఆడవాళ్లు, మొత్తం పదకొండు మందిని లైబ్రరీ ముందు దింపాను. మేడమ్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది ఏమి సార్, ఇంత మంది, కల్యాణ కూట్టమా?"

"ఈ తడవ దొంగతనం లేదు మేడమ్. మీరు చదవండి, వీళ్లు వింటారు."

మేడమ్ లైబ్రరీ కోర్సు చదివింది తిరుపతిలో, తెలుగు చదవడం అక్కడే వచ్చింది. మొదటి పేజీ మెల్లగా మొదలుపెట్టింది. పదో పేజీకల్లా కణ్మణి లేచి నిలబడింది.

"ఈ కథలో పిల్లకి తలకాయలో మూళ ఉండాదా? వాడు అంత పెద్ద జాబు రాసినాడే, విప్పి చూడగూడదా?"

"సుమ్మా ఉండు కణ్మణీ, ఆయమ్మని చెప్పనీ!" అని అమ్మ కసిరింది.

మేడమ్ పుస్తకం చాటున నవ్వింది. తొమ్మిది వారాల్లో నాకు దక్కని నవ్వు అది.

వారం వారం జనం పెరిగారు. చదివిన ప్రతి నవల పేరూ రిజిస్టర్‌లో తెలుగులో, విన్నవాళ్ల సంతకాలు కింద అరవంలో. మార్చిలో వచ్చిన ఆఫీసర్ రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఒక్క నవలకి ముప్పై ఏడు సంతకాలా?"

షెల్ఫు నిలిచింది. చెదలు తిన్న పదకొండింటిని మేడమే ఏరి పక్కన పెట్టింది. కొత్తవి కొనడానికి లిస్టు అడిగారు.

"ఏడుపు కథలు చాలు మేడమ్, నవ్వేవి కొనండి," అంది కణ్మణి.

"పెద్ద అక్షరాలవి కొనండి," అన్నాను నేను.

ఎందుకంటే అప్పటికి ప్రతి ఆదివారం, అందరూ వెళ్లాక, మేడమ్ నాకు అక్షరాలు దిద్దించేది. ఆమె చూపు పలక మీద, నా చూపు ఆమె మీద. అందుకే 'ఱ' దగ్గర మూడు వారాలు ఆగిపోయాను.

జూలైలో ఒక నవల మొత్తం నేనే చదివి తిరిగిచ్చాను. ఇరవై మూడు రోజులు పట్టింది. మేడమ్ గుచ్చి గుచ్చి పది ప్రశ్నలడిగింది. అన్నీ చెప్పాను.

"ఇంక అబద్ధాలు ఏమన్నా మిగిలి ఉండాయా సార్?"

"ఒకటి ఉండాది మేడమ్. షెల్ఫు కోసరమని చెప్పినాను చూడండి, అది సగమే నిజం."

మేడమ్ సొరుగులోంచి తన సొంత మెంబర్ కార్డు తీసింది.

"దీంట్లో అడ్రస్ మార్చాల. మీ ఇంటి నంబరు చెప్పండి."

"మా ఇల్లా? దేనికి మేడమ్?"

నాతో వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్న అమ్మ అరిచింది. "ఓరే మడయా, పద్నాలుగని చెప్పురా!"

చెప్పాను. మేడమ్ కార్డు వెనక తెలుగులో రాసి, నావైపు తిప్పింది.

"సరిగ్గా ఉండాదా? చదివి చెప్పండి."

అక్షరం అక్షరం కూడబలుక్కుని, పైకే చదివాను. ఆమె పేరు, కింద మా ఇల్లు. సరిగ్గానే ఉంది.