ఎండ గెలవాలి

"పొగ నీ వైపే వస్తోంది, జరుగు!" అని దగ్గుతూనే కళ్లజోడు కట్టెల పొయ్యి ఊదాడు.

అద్దాలు పెట్టుకుంటాడని అందరూ కళ్లజోడు అని పిలిచే ఆ అబ్బాయి పిచ్చుక స్నేహితుడు. ఆమెకు పిచ్చుక అన్న ముద్దుపేరు నాన్న పెట్టాడు. అదే బడిలోనూ స్థిరపడిపోయింది.

ఏ వేడికి నీళ్లు ఎలా కాగుతాయో చూడ్డానికి బడి వెనక మూడు గిన్నెల్లో నీళ్లు పెట్టారు. ఒకటి కట్టెల మీద, ఒకటి గ్యాస్ మీద, ఒకటి సోలార్ పెట్టెలో. అద్దం తగిలించిన ఆ నల్ల పెట్టె పిచ్చుకది.

"గ్యాస్, పెట్రోలు భూమిలోంచి తోడేవి. తోడితే ఎప్పటికైనా అయిపోతాయి. ఎండ అయిపోదు. కానీ అది జరిగేకొద్దీ పెట్టెనీ తిప్పాలి" అంది సైన్స్ టీచర్.

పిచ్చుక నాన్న పెట్రోల్ ట్యాంకర్ తోలతాడు. వెళ్లాడంటే ఎప్పుడొస్తాడో తెలీదు. అన్ని బళ్లూ ఎండతోనే నడిస్తే నాన్న ఇంటిపట్టునే ఉంటాడు కదా! అందుకే ఎండ గెలవాలి.

ఇవాళ వచ్చి చూస్తానన్నాడు నాన్న. పెద్ద బండి చప్పుడైతే చాలు, పిచ్చుక గేటు దగ్గరికి పరుగు. ఒకసారి సిమెంటు లారీ. ఒకసారి చెత్త బండి. నాన్న చొక్కాకుండే పెట్రోల్ వాసన గుర్తొచ్చింది. అమ్మకది పడదు. పిచ్చుకకి ప్రాణం.

తిరిగొచ్చేసరికి గ్యాస్ మీద నీళ్లు కుతకుతలాడుతున్నాయి. కట్టెల మీదివీ మరుగుతున్నాయి. సోలార్ పెట్టె మీద మాత్రం గోడ నీడ. గిన్నెలో వేలు ముంచింది. గోరువెచ్చగా కూడా లేవు.

అటూ ఇటూ చూసింది. తన నీళ్లు పారబోసి, గ్యాస్ మీది నీళ్లు ఒంపేసుకుంది.

"టీచర్! నావీ కాగాయి!"

టీచర్ బోర్డు మీద 'కాగాయి' అని రాసింది. రోజూ కట్టెల మీద వండే బడి వంటావిడ పరుగున వచ్చింది.

"నిజమేనా తల్లీ? ఇక నా కళ్లకి ఈ పొగ తప్పుతుందా?"

ఆ ఎర్రటి కళ్లు చూడలేక పిచ్చుక తల దించుకుంది.

అంతలో టీచర్ ఫోన్ అందించింది. "మీ నాన్న."

"పిచ్చుకా, బంకులో ఇంకా అన్‌లోడ్ కాలేదమ్మా. ఇవాళ రాలేను. పెట్టె పనిచేసిందా?"

పిచ్చుకకి ఏడుపు ముంచుకొచ్చింది. "లేదు నాన్నా... నీకోసం గేటు దగ్గరే ఉన్నా. తిప్పడం మర్చిపోయి, వేడినీళ్లు తెచ్చి పోసేశా. ఎండ గెలిస్తే నువ్వు ఇంట్లోనే ఉంటావని..."

"నాక్కూడా బండి వదిలేసి వచ్చేయాలనే ఉంటుందిరా" అన్నాడు నాన్న మెల్లగా. "కానీ చేతిలో స్టీరింగ్ ఉన్నప్పుడు రోడ్డే చూడాలి."

పిచ్చుక ఫోన్ ఇచ్చేసింది. బోర్డు దగ్గరికెళ్లి 'కాగాయి' చెరిపేసింది. 'కాగలేదు. నేను తిప్పలేదు' అని రాసింది. కళ్లజోడు నోరు తెరిచాడు. టీచర్ గిన్నెలో మళ్లీ చల్లనీళ్లు పోసిచ్చింది.

వంటావిడ వచ్చి పక్కనే కూర్చుంది. "మీ నాన్న ఎప్పుడొస్తాడు తల్లీ?"

"తెలీదు పెద్దమ్మా" అంటూ పిచ్చుక పెట్టెని ఎండకేసి కాస్త తిప్పింది. "నీళ్లు మాత్రం కాగుతాయి."