బఠాణీకి నాలుగు పూటలు

“రోజుకి రెండుసార్లా? పెంచడానికి తెచ్చుకున్నారా, చంపడానికా?”

పశువుల డాక్టరు తల ఎత్తకుండానే ఆ మాట అన్నాడు. బల్లమీద తువ్వాలులో అరచేతిలో పట్టేంత కుక్కపిల్ల మెడ నిలపలేక వాలిపోయి ఉంది. అతను చిటికెన వేలితో గ్లూకోజు నీళ్ళు దాని చిగుళ్ళకి రాస్తున్నాడు.

కుక్కపిల్లని తెచ్చినామె దర్జీ. జాకెట్టు కుదరలేదని దెబ్బలాటకొచ్చేవాళ్ళకి రోజూ సమాధానం చెప్పుకునే మనిషే. ఇవాళ మాత్రం తువ్వాలు అంచు సరిచేస్తూ నిలబడింది.

“టాయ్ బ్రీడ్, అంటే మరీ చిన్నజాతి పిల్లండీ ఇది. పొట్ట ఉసిరికాయంత. నాలుగు గంటలకోసారి తిండి పడకపోతే ఒంట్లో చక్కెర తగ్గిపోతుంది. మధ్యాహ్నం ఎందుకు పెట్టలేదు?”

“మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరం తినట్లేదండీ.”

అతని వేలు ఆగింది.

“అమ్మ పోయి ఇరవై రోజులు. పగటి భోజనం తనే దగ్గరుండి పెట్టేది. ఇప్పుడు ఆ వేళకి నాన్నా నేనూ వంటింటివైపు వెళ్ళం. మేం తిన్నప్పుడే దీనికీ పెట్టాను.” కుక్కపిల్ల చెవిని వేలితో నిమిరింది. “దీన్ని కావాలనుకున్నది అమ్మే. బఠాణీ అని పేరు కూడా పెట్టుకుంది. ఇది ఇంటికొచ్చేసరికి తను లేదు. దీన్ని కూడా పోనివ్వకండి.”

అతను మళ్ళీ గ్లూకోజు నీళ్ళలో వేలు ముంచాడు. కాసేపటికి బఠాణీ నాలుక కదిలింది. ఆ తర్వాత చిటికెన వేలిని చప్పరించింది.

“ఇందాక నేనలా అనకుండా ఉండాల్సింది,” అన్నాడు డాక్టరు. చీటీమీద నాలుగు వేళలు రాసిచ్చి, “రేపు పన్నెండింటికి ఫోన్ చేస్తాను,” అన్నాడు.

చేశాడు. ఆ మర్నాడూ చేశాడు.

“తిందా?”

“తిందండీ.”

“మీరు?”

“నేను మీ పేషెంటుని కాదు కదా.”

“కాదు. మనుషులకి వైద్యం చేస్తే నన్ను జైల్లో వేస్తారు. పక్కింటివాడిలా అడుగుతున్నాననుకోండి.”

“పక్కిల్లు ఖాళీగా ఉందండీ.”

“అద్దెకిస్తారేమో కనుక్కోండి మరి.”

ఆమె నవ్వింది. నవ్వినందుకు వెంటనే సిగ్గుపడింది. తలుపు సందులోంచి మంచంమీద గోడవైపు తిరిగి పడుకున్న నాన్న కనిపించాడు. ఫోన్ పెట్టేసింది.

రెండోవారంలో ఒకరోజు, కాజాలు కుట్టడంలో పడి వేళ మరిచిపోయింది. గుర్తురాగానే వంటింట్లోకి పరుగెత్తింది. నాన్న నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో బఠాణీ, ముందు అన్నం కంచం.

“మనం తింటేగాని ముట్టట్లేదమ్మడూ ఇది,” అన్నాడు తప్పుచేసినవాడిలా. “అందుకని...”

ఆమె ఇంకో కంచం తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

ఆఖరి టీకాకి తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ వెళ్ళారు. డాక్టరు బఠాణీని తూచి, సూది వేసి, ఒంటికి మించిన కోపంతో అది మొరిగితే, క్షమాపణ చెప్పుకున్నాడు.

“గండం గడిచింది. ఇక మూడు పూటలు చాలు. నేను ఫోన్ చెయ్యక్కర్లేదు.”

“సంతోషం,” అంది. బఠాణీ తువ్వాలుని మడిచిన మడతే మళ్ళీ మడిచింది.

“దీనికోసం చెయ్యక్కర్లేదు అన్నాను.”

గోడమీది చార్టు చదువుతున్న నాన్న, “మరెవరికోసమో చెప్పండి డాక్టరుగారూ. నా ముఖం అటున్నా చెవులు ఇటే ఉన్నాయి,” అన్నాడు.

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. అయినా వెనక్కి తగ్గలేదు. “మీ అమ్మాయి కోసమండీ. నాకు తనంటే ఇష్టం. ఇది అడగాల్సిన సమయం కాదేమో. ఎన్నాళ్ళయినా ఆగుతాను.”

ఆమె బఠాణీ వీపుమీద చెయ్యి ఉంచింది.

“నవ్వొచ్చినప్పుడల్లా అమ్మకి అన్యాయం చేసినట్టుంటుంది నాకు. బట్ట కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఏడుస్తాను. అదెప్పుడు తగ్గుతుందో చెప్పలేను.”

“తగ్గాకే రమ్మని నేననలేదండీ.”

ఆమె నాన్నవైపు చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

“నన్ను చూస్తావేంటమ్మడూ? మీ అమ్మే ఉంటే ఈపాటికి డాక్టరుగారి అమ్మగారి నంబరు అడిగి ఉండేది.” జేబులో కాగితం వెతుక్కున్నాడు. “చెప్పండి బాబూ, రాసుకుంటాను.”

“నాన్నా! ముందు నన్ను ఒప్పుకోనివ్వు.”

“ఒప్పుకో మరి.”

“నాకూ ఇష్టమే,” అంది డాక్టరుతో. అని, ఏడ్చింది. ఊరుకోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.